పేగు కట్టే నూనె మూటలు

పరగడుపున తీసిన నెత్తురును గొట్టంలో పోసి యంత్రంలో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపు ద్రవం తేటగా నిలుస్తుంది. అదే మనిషి పూరీలో, నెయ్యి దట్టంగా వేసిన కారం దోసెలో తిని మూడు నాలుగు గంటల తర్వాత నెత్తురిస్తే ఆ పసుపు ద్రవం మసకబారుతుంది. కొందరిలో గొట్టం అవతల పెట్టిన అక్షరాలు కనబడనంతగా తెల్లబడుతుంది. చూసినవాళ్లు కంగారు పడతారు గానీ, ఆ తెలుపు పొద్దున తిన్న నూనెదే. పేగు దాన్ని ముక్కలు చేసి, మళ్లీ అతికి, చిన్న చిన్న మూటలుగా కట్టి నెత్తుట్లోకి పంపింది. ఆ మూటలను శాస్త్రజ్ఞులు కైలోమైక్రాన్లు అంటారు. మన ఒంట్లో రోజూ జరిగే పనుల్లో ఇంత నేర్పుతో జరిగేవి తక్కువని నా నమ్మకం. తినే వేళలను ఎనిమిది పది గంటల్లోకి కుదించుకోవాలని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. ఆ మాట విలువ తెలియాలన్నా ముందు ఈ పనితనాన్ని దగ్గరగా చూడాలి.

హైదరాబాద్‌లో మేముండే ఏ.ఎస్. రావు నగర్‌లో ఈ పనికి సెలవు దొరికే వేళ బహు తక్కువ. 1967లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలసిన పేట ఇది. చుట్టూ కుషాయిగూడ, చర్లపల్లి పరిశ్రమలు. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, షిఫ్టు ఎక్కబోయేవాళ్లు, రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఇక్కడ కలిసే బతుకుతారు. రాధిక చౌరస్తా నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాకా తెల్లారగానే ఇడ్లీ, వడ, పూరీ. సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు. రాత్రి పొద్దుపోయేదాకా బిర్యానీ. తొమ్మిదింటికి టిఫిన్, ఒకటిన్నరకు భోజనం, ఐదున్నరకు బజ్జీలూ చాయ్, పదింటికి మళ్లీ భోజనం చేసే మనిషినే తీసుకోండి. కొవ్వున్న భోజనం చేశాక నెత్తుట్లో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు మూడు నాలుగు గంటలకు పతాక స్థాయికి చేరతాయి. మళ్లీ మామూలుకు దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. అంటే ఈ మనిషిలో ఒక భోజనం కొవ్వు దిగకముందే ఇంకొకటి వచ్చి పడుతుంది. నెత్తురు తేటపడేది తెల్లవారుజామున ఏ కాసేపో. పరగడుపున తీసిన శాంపిల్‌లో కనిపించేది ఆ కాసేపే. మిగతా రోజంతా ఎలా ఉందో ఆ పరీక్ష కాగితం చెప్పదు.

ఇక పని దగ్గరికి వద్దాం. నూనె నీళ్లలో కలవదు, నెత్తురు ఎక్కువభాగం నీరే. కలవని రెండింటిని కలపడమే పేగు ముందున్న చిక్కు. పైత్యరసం నూనెను సన్నని బిందువులుగా విడగొడుతుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ ఒక్కో ట్రైగ్లిజరైడును కత్తిరించి రెండు కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది, మూడోది గ్లిజరాల్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ ముక్కలు చిన్నపేగు చూషకాల మీది కణాల్లోకి చేరతాయి. లోపలికి వెళ్లగానే కణం వాటిని తిరిగి అతికి మళ్లీ ట్రైగ్లిజరైడే చేస్తుంది. కోసి మళ్లీ అతకడం వృథా పనిలా తోస్తుంది. కానీ నిండు ట్రైగ్లిజరైడు కణం గోడ దాటలేదు, ముక్కలు దాటగలవు. అతికిన దాన్ని మాత్రమే బిగించి మూట కట్టగలం. రెండు అవసరాలూ తీరే దారి ఇదొక్కటే.

మూట కట్టడానికి తాడు కావాలి. ఆ తాడు అపోబి-48 అనే ప్రొటీన్, మూటకు ఒకటే. అది తయారయ్యే తీరు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. కాలేయం కూడా కొవ్వును ఎగుమతి చేస్తుంది. అక్కడ వాడే ప్రొటీన్ అపోబి-100, 4,536 అమైనో ఆమ్లాల పొడుగు. పేగుకు అంత పొడుగు అక్కర్లేదు, 2,152 చాలు. దానికోసం ఇంకో జన్యువు లేదు. రెండు చోట్లా జన్యువు ఒకటే, దాని నుంచి తీసే ఆర్‌ఎన్‌ఏ ప్రతీ ఒకటే. పేగు కణం మాత్రం ఆ ప్రతిలో ఒక్కచోట, ఒక్క అక్షరాన్ని మారుస్తుంది. సి ఉన్నచోట యు పెడుతుంది. గ్లుటమైన్‌ను చేర్చమనే సంకేతం అక్కడితో ఆపమనే సంకేతంగా మారిపోతుంది. ప్రొటీన్ అక్కడే తెగుతుంది. 1987లో ఈ సంగతి బయటపడినప్పుడు జీవశాస్త్రజ్ఞులు నివ్వెరపోయారు. క్షీరదాల్లో జన్యువు చెప్పినదాన్ని కణం ఇలా ఒక్క అక్షరంతో దిద్దుకోవడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. పొద్దున మనం తిన్న వడలో నూనె నెత్తుట్లోకి చేరేముందు ఈ దిద్దుబాటు మీద ఆధారపడి ఉంటుంది.

తాడు తయారవుతూ ఉండగానే దానిమీద కొవ్వు ఎక్కించే పనివాడు ఒకడున్నాడు. పొడుగు పేరు పక్కనపెట్టి ఎంటీపీ అందాం. ఈ ప్రొటీన్ పుట్టుకతోనే పనిచేయని పిల్లల్లో పేగు మూట కట్టలేదు. తిన్న కొవ్వు కణాల్లోనే పేరుకుపోతుంది, విటమిన్ ఇ వంటివి ఒంటికి అందవు, నరాలు దెబ్బతింటాయి. బహు అరుదైన జబ్బు. మూట కట్టడం ఎంత అవసరమో తెలిపేది ఆ పిల్లల కష్టమే.

మూటల కొలతలోనూ ఒక నేర్పు ఉంది. నానోమీటర్లలో చూస్తే చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ కణం ఇరవై పైచిలుకు. కైలోమైక్రాన్ 75 నుంచి 600 దాకా, ఒక్కోసారి ఇంకా పెద్దది. నూనె ఎక్కువ తిన్నరోజు పేగు మూటల లెక్కను అంతగా పెంచదు, ఉన్న మూటలనే లావు చేస్తుంది. తాడు పొదుపు. ఇంత లావు మూట నెత్తుటి కేశనాళికల గోడల్లోంచి దూరదు కాబట్టి పక్కనే ఉన్న శోషరస నాళాల్లోకి వెళుతుంది. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి ఒక కుక్క కడుపు కోసి చూసినప్పుడు పేగుల చుట్టూ తెల్లని నాళాలు కనిపించాయి. ఇంకో కుక్కలో వెతికితే కనిపించలేదు. మొదటిది కడుపునిండా తిన్నది, రెండోది పస్తున్నది. తిన్నాకే ఆ నాళాలు తెల్లబడతాయని ఆయన గ్రహించాడు. భోజనం తర్వాతి కొవ్వును మనిషి కళ్లతో చూసి అర్థం చేసుకోవడం అక్కడే మొదలైంది.

ఆ దారి ఛాతీ మీదుగా పైకి వెళ్లి ఎడమ మెడ దగ్గర పెద్ద సిరలో కలుస్తుంది. తిన్న చక్కెరలు మొదట కాలేయం దగ్గరికే వెళతాయి. కొవ్వు మాత్రం కాలేయాన్ని దాటేసి ముందు గుండెకు, అక్కడినుంచి ఒళ్లంతటికీ చేరుతుంది. కండరాల దగ్గర, కొవ్వు నిలవల దగ్గర కేశనాళికల గోడలకు లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము కాపు కాసి ఉంటుంది. మూట అక్కడ ఆగుతుంది, కొవ్వు దిగుతుంది. ఒక్కో మూటలో సరుకు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. తిన్నాక పెరిగే ఇన్సులిన్ కొవ్వు నిలవల దగ్గరి ఎంజైమును పెంచుతుంది. పస్తుంటే అక్కడ తగ్గి, కండరాల దగ్గర పనిచేస్తుంది. సరుకు ఎవరికి అవసరమో వాళ్ల వాకిట్లోనే దించే ఏర్పాటన్నమాట. మిగిలిన ఖాళీ మూటను కాలేయం తీసేసుకుంటుంది.

చిక్కు వచ్చేది ఈ చివరి మెట్టులో. సరుకు తరచుగా వస్తూ ఉంటే, కాలేయం కూడా తన కొవ్వును పంపుతూ ఉంటే, అదే ఎంజైము కోసం అన్నీ వరసలో నిలబడతాయి. సగం దిగిన మూటలు నెత్తుట్లో ఎక్కువసేపు తిరుగుతాయి. కొలెస్ట్రాల్ నిండిన ఆ మిగులు మూటలు ధమనుల గోడల్లో చిక్కుకుంటాయని, గుండెజబ్బుకు మూలం భోజనం తర్వాతి గంటల్లోనే ఉందని 1979లో డోనాల్డ్ జిల్వర్‌స్మిట్ రాశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు కొందరే. 2007లో కోపెన్‌హేగన్ నగరవాసుల మీదా అమెరికా మహిళల మీదా జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు తిన్నాక తీసిన నెత్తుట్లోని ట్రైగ్లిజరైడ్లు గుండెపోటు ముప్పును చెప్పగలవని చూపించాయి. 2016లో యూరప్ నిపుణులు మామూలు లిపిడ్ పరీక్షకు పస్తు అక్కర్లేదన్నారు. తిని వచ్చినవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 175 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. పూర్తి కొవ్వు పరీక్ష అయితే 75 గ్రాముల కొవ్వు తినిపించి నాలుగు గంటలకు చూస్తారు, 220 దాటకూడదు.

ఇప్పటిదాకా చెప్పింది పేగు పంపినదాని గురించి. పంపకుండా ఉంచుకున్నదాని కథ ఇంకా బాగుంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో బార్బరా ఫీల్డింగ్, కీత్ ఫ్రేన్ బృందం 1996లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. మధ్యాహ్నం భోజనం చేసిన కొద్దిసేపటికే నెత్తుట్లో కొవ్వు ఒక్కసారి లేస్తుంది. అంత త్వరగా అరిగే అవకాశం లేదు కదా, మరి అదెక్కడిది? పొద్దున ఒక రకం కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉన్న నూనె, మధ్యాహ్నం ఇంకో రకం నూనె పెట్టి, నెత్తుట్లో ఏది ముందు కనిపిస్తుందో చూశారు. ముందు వచ్చింది పొద్దుటి నూనె! పేగు కొంత సరుకును కణాల్లోనే దాచుకుంది. తర్వాతి భోజనం కబురు అందగానే బయటికి పంపింది. ఏ ఖరీదైన యంత్రమూ లేకుండా రెండు నూనెల తేడాతోనే ఆ జాడ తీశారు. పనితనం అంటే ఇదీ.

ఆ నిలవను కళ్లతో చూసినవాళ్లు కూడా అక్కడివాళ్లే. 2003లో డెనీస్ రాబర్ట్‌సన్, ఫ్రేన్ మొదలైనవారు కొవ్వు భోజనం తిన్న వాలంటీర్లకు ఐదు గంటల తర్వాత కొందరికి నీళ్లు, కొందరికి గ్లూకోజు తాగించారు. తర్వాత చిన్నపేగు నుంచి చిటికెడు ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. నీళ్లు తాగినవాళ్ల కణాల్లో కొవ్వు బిందువులు ఎక్కువ మిగిలి ఉన్నాయి. గ్లూకోజు తాగినవాళ్లలో తగ్గిపోయాయి. గ్లూకోజులో చుక్క నూనె లేదు, అయినా అది పాత నూనెను కదిలించింది. మన చాయ్‌లోని రెండు చెంచాల చక్కెర ఆ ప్రయోగంలో తాగించినంత ఉండదు. అయినా టిఫిన్‌కూ భోజనానికీ మధ్య, భోజనానికీ రాత్రి తిండికీ మధ్య ఊరికే నోట్లో వేసుకునే తీపి, బిస్కెట్ల వేళ ఎందుకు లెక్కలోకి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక భోజనం తర్వాతి భోజనంతో ముడిపడి ఉంది. ఎంత తిన్నాం అన్నదొకటే చూస్తే చాలదు, ఎప్పుడెప్పుడు తిన్నాం అన్నదీ చూడాలని నేను పట్టుబట్టేది అందుకే.

పేగుకు వేళల జ్ఞానం కూడా ఉంది. మహమూద్ హుస్సేన్ బృందం ఎలుకల మీద చేసిన పనిలో మూట కట్టే ఎంటీపీ రోజంతా ఒకే తీరుగా ఉండదని తేలింది. ఎలుకలు తినే రాత్రివేళకు పెరుగుతుంది, పడుకునే పగలు తగ్గుతుంది. తిండి వేళ మారిస్తే ఆ లయా మారుతుంది. మనుషుల సంగతి 1996లో ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయంవారు చూశారు. వాలంటీర్ల నిద్రా మెలకువలను తొమ్మిది గంటలు జరిపి అదే భోజనం పెడితే, ట్రైగ్లిజరైడ్లు మునుపటికంటే ఎక్కువగా నిలిచాయి. పళ్లెంలో తేడా లేదు, వేళలోనే తేడా. చర్లపల్లిలో నైట్ డ్యూటీ మధ్యలో క్యారియర్ విప్పే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

తినే వేళలను కుదించడం మీద ఈ ఉత్సాహం 2012లో శాల్క్ సంస్థలో సచ్చిదానంద పాండా బృందం చేసిన ఎలుకల ప్రయోగంతో పెరిగింది. ఒకే కొవ్వు తిండి, ఒకే కేలరీలు. రోజంతా తిన్నవి లావెక్కి కాలేయం పాడుచేసుకున్నాయి. ఎనిమిది గంటల్లోనే తిన్నవి చాలావరకు బాగున్నాయి. మనుషుల్లో కథ ఇంత సూటిగా లేదు. దాన్ని అలాగే చెప్పడం మంచిది.

2018లో ఎలిజబెత్ సట్టన్, కోర్ట్నీ పీటర్సన్ బృందం చక్కెర జబ్బు అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లను తీసుకుంది. ఐదు వారాలు, ఆరు గంటల్లోనే తిండి, మధ్యాహ్నం మూడింటిలోపు చివరి భోజనం. వాళ్ల బరువు తగ్గకుండా కొలిచి వండి పెట్టారు, ఎదురుగా కూర్చోబెట్టి తినిపించారు. బరువు తగ్గితే ఫలితం దానిదా వేళదా అని తేల్చలేరు కనుక ఆ జాగ్రత్త. ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, రక్తపోటు తగ్గింది. పరగడుపు ట్రైగ్లిజరైడ్లు మాత్రం సుమారు 57 మిల్లీగ్రాములు పెరిగాయి! ఒకరోజు మధ్యాహ్నం నుంచి మర్నాటిదాకా సాగిన పద్దెనిమిది గంటల పస్తులో ఒంటి కొవ్వు కరిగి కాలేయం దాన్ని తిరిగి ఎగుమతి చేయడం ఇందుకు కారణం కావచ్చు. పోల్చిన వేళలో వాళ్ల పస్తు పన్నెండు గంటలే. 2019లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పదిహేను మంది మగవాళ్లతో వారం పాటు తొమ్మిది గంటల వేళలు పాటింపజేస్తే పరగడుపు ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. పొద్దున తీసిన ఒక్క శాంపిల్ ముందురోజు ఎన్నిగంటలు పస్తున్నాడన్నదాన్ని కూడా కొలుస్తుంది. భోజనం తర్వాత కొవ్వు ఎంత త్వరగా దిగిందో దాన్నిబట్టి చెప్పలేం.

కొవ్వు ఎంత త్వరగా దిగుతుందన్న ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది 2018లో సర్రేవారి ఇంకో ప్రయోగం. వారంలో రెండు రోజులు చాలా కొద్దిగా తిని మిగతా రోజులు మామూలుగా తినేవాళ్లనూ, రోజూ కొంచెం తగ్గించి తినేవాళ్లనూ పోల్చారు. ఇద్దరూ సమానంగా 5 శాతం బరువు తగ్గేదాకా ఆగి, అప్పుడు భోజనం పెట్టి చూశారు. రెండు రోజుల పద్ధతివాళ్లలో భోజనం తర్వాతి కొవ్వు త్వరగా తొలగింది. బరువులు సమానమయ్యేదాకా ఓపిక పట్టడమే ఈ ప్రయోగానికి ప్రాణం. ఇక చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయుల మీద ఏడాది పాటు సాగి 2022లో వెలువడిన అధ్యయనంలో, కేలరీలు ఎటూ తగ్గించుకున్నప్పుడు ఎనిమిది నుంచి నాలుగింటిలోపే తినాలన్న నియమం అదనంగా కలిగించిన మేలు తేలలేదు. కాబట్టి వేళను మంత్రంలా నమ్మేవాళ్లతో నేను ఏకీభవించను. పనిచేసే యంత్రాంగం ఏదో తెలిస్తే మటుకు వేళను తెలివిగా వాడుకోవచ్చు.

మన దగ్గర ఆ వాడకం కొత్తది కాదు. శనివారం వేంకటేశ్వరుడికో, గురువారం సాయిబాబాకో, సోమవారం శివుడికో ఒక్కపొద్దు ఉండని ఇల్లు తెలంగాణలో అరుదు. “ఇయ్యాల నాకు ఒక్కపొద్దు, అన్నం మధ్యాహ్నమే తింట” అనే అత్తమ్మలు మా వీధిలో ప్రతి గేటు వెనకా ఉంటారు. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం తిని రాత్రి పండో పాలో తీసుకునే పద్ధతి, పేగు గడియారంతో చూస్తే, చాలా పొందికైనది. పొద్దుటి మూటల గొడవ లేదు. మధ్యాహ్నపు కొవ్వు దిగడానికి రాత్రంతా ఉంది. కార్తీకమాసంలో చుక్క చూసి తినే నక్తం, రంజాన్ నెలలో మౌలాలి, మల్కాజిగిరి వీధుల్లో సాయంత్రం విడిచే రోజా భక్తిలో ఏమాత్రం తక్కువ కావు. అక్కడ పేగుకు పనిపడే వేళ మాత్రం రాత్రి. ఆ పూట పళ్లెంలో నూనె ఎంతన్నది ఇంకా ముఖ్యమవుతుంది. పగలంతా ఆగి ఒక్కసారిగా పూరీలు, పరమాన్నం, వేపుడు తింటే పేగు మూటలను లావు చేసి పంపడం తప్ప ఏం చేయగలదు?

నూనె లెక్క చెప్పడానికి మనకు దూరం పోనక్కర్లేదు. ఇక్కడినుంచి కొద్ది దూరంలోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ గఫూరున్నీసా ఏళ్ల తరబడి మన వంటింటి కొవ్వుల మీదే పనిచేశారు. కమలా కృష్ణస్వామితో కలిసి తిండీ గుండెజబ్బుల మీద సామాన్యులకు అర్థమయ్యే పుస్తకం రాశారు. పప్పుల్లో, ధాన్యాల్లో కంటికి కనిపించకుండా ఉన్న కొవ్వును కూడా లెక్కలో వేయాలన్నది ఆ సంస్థ చెప్పే మాట. 2017లో అది వెలువరించిన ఆహార పట్టికల్లో 528 పదార్థాల కూర్పు ఉంది. దేశంలో ఆరు ప్రాంతాల నుంచి నమూనాలు తెచ్చి కొలిచినవి. కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 25 గ్రాములు, ఆడవారికి 20 గ్రాముల వంట నూనె చాలంటారు. ఇద్దరున్న ఇంటికి నెలకు సుమారు ఒకటిన్నర లీటరు. మన ఇళ్లలో నెలసరుకుల చీటీ మీద ఎన్ని లీటర్లు రాస్తున్నామో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

ఇంకొక సాయం కండరాల దగ్గర ఉంది. ముందురోజు సాయంత్రం గట్టిగా నడిచినవాళ్లలో మర్నాటి కొవ్వు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు తక్కువగా లేస్తాయని ఎన్నో ప్రయోగాలు చూపించాయి. కండరాల దగ్గరి ఎంజైము నడక అయిన గంటల తర్వాత కూడా ఎక్కువగా ఉండటం అందుకు ఒక కారణం. ఆ నడక ఫలితం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. అందుకే రోజు విడిచి రోజైనా నడవాలి. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఒక్కపొద్దు మొదలుపెట్టేముందు డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోవాలి. తిండి లేని వేళ అవే మందులు చక్కెరను ప్రమాదకరంగా పడగొడతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఇంత పొడుగు పస్తులకు దిగకూడదు. మిగతావాళ్లు మొదలుపెట్టాలనుకుంటే రాత్రి పదింటి భోజనాన్ని ఏడింటికి జరపడంతోనే మొదలుపెట్టవచ్చు. ఆ మూడు గంటల్లో పేగుకు, లైపేజ్‌కు, కాలేయానికి చేతినిండా పని ఉంది.